మారుతి 800 బానెట్ కింద వైర్లు కనపడకుండా దాచడం: హార్నెస్ ఎటు తిప్పాలి, బ్యాటరీ డిక్కీలోకి పోతే ఏం చూసుకోవాలి?

#1 ఎర్ర800

బండి 1997 మారుతి 800, కార్బురేటర్ మోడల్, ఏసీ లేదు. ఇంజిన్ దించి ఉంది. బానెట్ కింద టింకరింగ్ అయిపోయి పెయింట్ కూడా పడింది. ఇంత నున్నగా వచ్చిన గోడల మీద మళ్ళీ ఆ పాత నల్లతాళ్ళు వేలాడదీయడానికి మనసొప్పట్లేదు. ఇంజిన్ తిరిగి కూర్చునే లోపు తేల్చుకోవాల్సినవి ఇవీ:

ఫైర్‌వాల్ (ఇంజిన్‌కీ క్యాబిన్‌కీ మధ్య రేకు గోడ) మీద అడ్డంగా పోయే లావుపాటి వైర్ల కట్టని (హార్నెస్) క్యాబిన్‌లోకి లాగాలా, మడ్‌గార్డ్ లోపల నుంచి తిప్పాలా?

బ్యాటరీ డిక్కీలో పెడితే కేబుల్ ఎంత లావు ఉండాలి?

ఎలక్ట్రీషియన్ "పొట్టి అయిన వైరుకల్లా ముక్క అతికి, టేపు చుట్టేస్తే ఒక్క పూట పని" అంటున్నాడు. సరేనా?

అసలు పీకి పారేయగల వైర్లు ఏమైనా ఉన్నాయా?

#2 రాగితీగ

మూడోదానికి ముందు చెప్తాను: వద్దండీ. దాచిన చోట అతుకు ఉండకూడదు. అతుకు తప్పదనుకుంటే అది చెయ్యి అందే చోట ఉండాలి. మీ మిగతా ప్రశ్నలన్నీ చివరికి ఇక్కడికే వస్తాయి.

కట్టర్ పట్టుకునే ముందు ఒక పెద్ద కాగితం తీసుకోండి. ఒక్కో వైరుకి ఒక్కో గీత: ఎక్కడ మొదలు, ఎక్కడ చివర, రంగు, లావు, ఏ ఫ్యూజు కింద ఉంది, ఇగ్నిషన్ వేస్తేనే వస్తుందా ఎప్పుడూ ఉంటుందా. ప్రతి కప్లర్‌కీ (వైర్లని కలిపే ప్లాస్టిక్ ప్లగ్గు) విప్పకముందే ముందువైపు ఒక ఫోటో, వెనకవైపు ఒక ఫోటో. రంగుల్ని మాత్రం నమ్మకండి. ఇంత వయసున్న బండి ఎందరి చేతుల్లోనో పడి ఉంటుంది, మధ్యలో ఎవరో ఎర్ర వైరుకి పచ్చ ముక్క అతికే ఉంటారు. మీటరు బీప్ మోడ్‌లో పెట్టి రెండు చివర్లూ తాకించి చూశాకే కాగితం మీద రాయండి.

ఏసీ లేని కార్బురేటర్ 800లో ఇంజిన్ దగ్గరికి వచ్చే వైర్లు చాలా తక్కువ:

ఆల్టర్నేటర్‌కి మూడు: లావుపాటి అవుట్‌పుట్, ఇగ్నిషన్ ఫీడ్, చార్జింగ్ లైటు వైరు
సెల్ఫ్ మోటార్‌కి బ్యాటరీ కేబుల్, దానితో పాటు సాలినాయిడ్ సన్న వైరు
ఇగ్నిషన్ కాయిల్ ప్లస్
ఆయిల్ ప్రెషర్ స్విచ్
టెంపరేచర్ సెండర్
కార్బురేటర్ సాలినాయిడ్
రేడియేటర్ ఫ్యాన్ స్విచ్‌కి రెండు
గేర్‌బాక్స్ మీద రివర్స్ లైటు స్విచ్‌కి రెండు

లావువి పక్కన పెడితే పది పదకొండు సన్న వైర్లు. ఇంతే. కట్ట లావుగా కనిపించడానికి కారణం ఇవి కాదు. హెడ్‌లైట్లు, హారన్లు, ఇండికేటర్లు, వైపర్ మోటార్, వాషర్ పంపు వైర్లు కూడా అదే కట్టలో కలిసి ఫైర్‌వాల్ మీదుగా పోతుంటాయి. కాబట్టి మొదటి పని దాచడం కాదు, విడదీయడం. ఇంజిన్ కట్ట వేరు, ముందు లైట్ల కట్ట వేరు. విడదీశాక ఒక్కోటీ చిటికెన వేలంత లావుకి దిగుతుంది. సగం సమస్య అక్కడే పోతుంది.

పీకేయగలవి: పాత అలారం, పాత ఫాగ్ లైట్లు, స్టీరియో కోసం బ్యాటరీ నుంచి లాగిన తీగ, రివర్స్ హారన్, ఇంకా ఎటూ కలవకుండా టేపులో దాక్కున్నవన్నీ. కంపెనీ వైర్లలో పీకాల్సినవి దాదాపు లేవు. ముఖ్యంగా ఆల్టర్నేటర్ చార్జింగ్ లైటు వైరు "ఉత్త లైటే కదా" అని తీయకండి. ఆ బల్బు గుండా వచ్చే కొద్దిపాటి కరెంటుతోనే ఆల్టర్నేటర్ ఫీల్డు మేల్కొంటుంది. వైరు తీసేసినా, మీటర్ బోర్డులో బల్బు బదులు ఎల్ఈడీ పెట్టినా, స్టార్ట్ చేశాక గట్టిగా రేస్ ఇచ్చేదాకా చార్జింగ్ మొదలవ్వకపోవచ్చు. అసలు మొదలవ్వకపోనూ వచ్చు.

#3 పుత్లీబౌలి_పానా

అన్న చెప్పింది కరెక్ట్. వైరు అతికేటోళ్ళకు ఇంకో మాట. సోల్డర్ గట్టిగుంటదని శానామంది అనుకుంటరు. ఇంజిన్ కాడ అది ఉల్టా. సోల్డర్ తీగల మధ్యలకెల్లి పైకి పాకుతది, ఆడిదాంక వైరు పుల్ల లెక్క బిగుసుకపోతది. పుల్ల ఖతమై మెత్తటి వైరు షురూ అయ్యే జాగల, ఇంజిన్ వణుకుడుకు ఒక్కో తీగ తెగుకుంట పోతది. పైకెల్లి రబ్బరు మంచిగనే కనిపిస్తది, లోపల రెండు మూడు పోగులే మిగుల్తయి. హెడ్‌లైటు ఒకసారి వస్తది, ఒకసారి రాదు, ఎందుకో ఎవ్వనికి అర్థం గాదు.

క్రింపింగే చెయ్యాలె, అంటే వైరు కొసకు లోహపు టెర్మినల్ పెట్టి నొక్కి పట్టించుడు. గది గుడ ఎర్ర నీలం ప్లాస్టిక్ తొడుగుల కనెక్టర్లు పెట్టి మామూలు ప్లయర్‌తోని నొక్కుడు గాదు. ఓపెన్ బ్యారెల్ టెర్మినల్, దానికి తగ్గ రాచెట్ ప్లయర్ తీస్కోండ్రి. రెండు రెక్కలు ఉంటయి: ముందుది రాగిని పట్టాలె, ఎనుకది రబ్బరును పట్టాలె. ఎనుక రెక్క గుడ రాగి మీదికే పోయిందంటే వైరు ఎక్కువ చెక్కినట్టు. క్రింప్ అయినంక గుంజి చూడుండ్రి. 1.5 స్క్వేర్ ఎంఎం వైరు పది కిలోల బరువు ఏలాడగట్టినా ఊడద్దు. ఊడిందంటే ప్లయర్ డై తప్పన్నా అయ్యుండాలె, టెర్మినల్ సైజు తప్పన్నా అయ్యుండాలె.

అతుకు తప్పకుంటే అన్ని ఒక్క జాగల పెట్టకుండ్రి. ఒక్కోటి నాలుగైదు సెంటీమీటర్లు ఎన్కకు ముందుకు జరుపుండ్రి, లేకుంటే కట్ట ఆడ కొండచిలువ మేకను మింగినట్టు కనిపిస్తది. పైన లోపల గమ్ముండే హీట్ ష్రింక్, మూడింతలు ముడుచుకునేది. గమ్ము అంచుకెల్లి కొంచెం బయటికి ఉబికి వస్తెనే సీల్ అయినట్టు.

#4 డాలస్_గ్యారేజీ

ఇక్కడ అమెరికాలో ఈ పనిని 'వైర్ టక్' అంటారు, హోండా సివిక్ వాళ్ళకి ఇది దాదాపు మతం. రైవైర్, చేజ్ బేస్ లాంటి కంపెనీలు టక్ హార్నెస్‌లు రెడీగా చేసి అమ్ముతాయి. 92 నుంచి 2000 దాకా వచ్చిన సివిక్‌లలో ఎక్కువమంది లైట్ల హార్నెస్‌ని మడ్‌గార్డ్ లోపల నుంచి తిప్పి, ఫ్యూజ్ బాక్సుని డాష్‌బోర్డ్ కిందికి తీసుకెళ్తారు. షోలో బానెట్ తెరిస్తే ఇంజినూ పెయింటూ తప్ప ఇంకేమీ కనపడదు.

అయితే ఆ పద్ధతిని రోజూ తిరిగే బండికి యథాతథంగా దించేసుకోకండి. మడ్‌గార్డ్ లోపల టైరుంటుంది, నీళ్ళూ బురదా ఉంటాయి. షో కారు ట్రైలర్ మీద వస్తుంది, మన 800 పంజాగుట్టలో మోకాలి లోతు నీళ్ళలో పోతుంది. ఇంకోటి, కాలిఫోర్నియాలో స్మాగ్ టెస్టులో (పొగ తనిఖీలో) కంటితో చూసే తనిఖీ కూడా ఉంటుంది. ఆక్సిజన్ సెన్సర్, పర్జ్ సాలినాయిడ్ లాంటివి పీకేసిన బండి అక్కడ పాసవదు. ఆ రాష్ట్రంలో ఉన్నవాళ్ళు చదువుతుంటే గుర్తుపెట్టుకోండి.

ఎర్ర800 గారూ, నా ఓటు ఇది: ఇంజిన్ కట్ట ఫైర్‌వాల్ లోపలి వైపు, లైట్ల కట్ట మాత్రమే మడ్‌గార్డ్ గుండా.

#5 రాగితీగ

నాదీ అదే ఓటు. ఎలాగో వివరంగా చెప్తాను.

ఇంజిన్ కట్ట: డాష్‌బోర్డ్ దింపాల్సిందే, దింపకుండా చేతులు పెట్టి లాగితే గీసుకుపోతాయి, వైర్లూ చేతులూ. కట్టని ఫైర్‌వాల్ లోపలి వైపు, హీటర్ గొట్టాలకీ వైపర్ లింకేజీకీ తగలని ఎత్తులో అడ్డంగా తీసుకెళ్ళి, గేర్‌బాక్స్ వెనక వీలైనంత కింద బయటికి తీయండి. కంపెనీ వేసిన రంధ్రం దగ్గర్లో ఉంటే అదే వాడండి. కొత్తది తప్పకపోతే, వెనక ఏముందో చూసుకుని మొదట 3 ఎంఎం పైలట్, తర్వాత స్టెప్ డ్రిల్. పన్నెండు సన్న వైర్లకి 20 నుంచి 25 ఎంఎం రంధ్రం చాలు. అంచు ఆకురాయితో నున్నగా చేసి, బయటపడ్డ ఇనుముకి ప్రైమర్ పూసి, అది ఆరాకే రబ్బరు గ్రోమెట్ (రంధ్రం అంచుకి తొడిగే రింగు). గ్రోమెట్ లేని రంధ్రం రేకు కత్తితో సమానం, వణుకుతూ వణుకుతూ ఒక ఏడాదిలో రబ్బరు కోసేస్తుంది. గ్రోమెట్‌కి బయట వైపు కట్ట ముందు కిందికి జారి, మళ్ళీ పైకి ఎక్కి రంధ్రంలోకి దూరాలి. అలా వంపు ఉంటే వాన నీళ్ళు ఆ వంపు దగ్గరే కింద కారిపోతాయి. నేరుగా పైనుంచి దిగితే వైరు పట్టుకుని కాళ్ళ దగ్గర మ్యాట్ కిందికి వస్తాయి.

బయటికి వచ్చాక 15 సెంటీమీటర్లలోపు కప్లర్లు. సూపర్‌సీల్ 1.5 రకం ఆరు పిన్నులవి రెండు తీసుకోండి, పన్నెండు వైర్లు సరిపోతాయి. ఒక్కో పిన్నుకి 14 ఆంపియర్ల దాకా ఓపిక ఉంటుంది, మనవి అంతకంటే చాలా తక్కువ లాగుతాయి. ఒక జతలో మగ వైపు ఇంజిన్ పక్కన, రెండో జతలో ఆడ వైపు ఇంజిన్ పక్కన పెట్టండి. అప్పుడు ఎంత హడావుడిలో ఉన్నా ఒకదాని బదులు ఇంకోటి తగిలించడం కుదరదు. సీలు రబ్బరు వైరు బయటి లావుకి తగ్గది ఉండాలి. వదులుగా ఉంటే సీలు ఉన్నా లేనట్టే, వాడని పిన్నుల్లో మూత బిరడాలు వేయాలి. కప్లర్ మూతి కిందికి చూడాలి.

ఆల్టర్నేటర్ అవుట్‌పుట్ ఈ కప్లర్ల గుండా పోనివ్వకండి. ఆల్టర్నేటర్ నుంచి 10 స్క్వేర్ ఎంఎం వైరు నేరుగా సెల్ఫ్ మోటార్ మీద బ్యాటరీ బోల్టుకి. ఇంజిన్ మీదే ఉంటుంది, అరమీటరు కూడా పట్టదు. దాంతో బాడీ నుంచి ఇంజిన్‌కి కనిపించే లావు కేబుల్ ఒక్కటే మిగులుతుంది, అది కూడా కింద నుంచి వస్తుంది.

ఇంజిన్ రబ్బరు మౌంటింగ్‌ల మీద ఊగుతుందని మరిచిపోకండి. క్లచ్ వదిలినప్పుడు చూడండి ఎంత కదులుతుందో. బాడీకి బిగించిన చివరి క్లిప్పుకీ ఇంజిన్ మీది మొదటి క్లిప్పుకీ మధ్య వైరు బిగుతుగా కాకుండా 6, 7 సెంటీమీటర్లు వదులుండాలి.

వైర్లు పొడుగు చాలకపోతే అతకడం కాదు, పూర్తి పొడవు కొత్త వైరు లాగండి. కప్లర్లు కోయక్కర్లేదు, సన్నటి పిన్ను టూల్‌తో లోపలి నాలుకని నొక్కితే టెర్మినల్ వెనక్కి వస్తుంది. పాత ప్లాస్టిక్ పెళుసెక్కి ఉంటుంది, ముందు హెయిర్ డ్రయ్యర్‌తో కాస్త వెచ్చబెట్టాకే నాలుకని కదిలించండి. వైరు రకం ఆటోమొబైల్ వైరే, 105 డిగ్రీలు తట్టుకునే ఎఫ్ఎల్ఆర్‌వై లాంటిది. ఇంటి గోడల్లో వేసే వైరు 70 డిగ్రీలది, ఇంజిన్ పక్కన వేడికీ ఆయిల్‌కీ నిలవదు.

#6 పుత్లీబౌలి_పానా

కప్లర్లు బయట పెట్టుడు మీద నాకు పంచాయితీ ఉన్నది. లోపల గ్లవ్ బాక్స్ ఎనుక పెడ్తె నీళ్ళ బాధే ఉండదు గద అన్న?

#7 రాగితీగ

నీళ్ళ బాధ ఉండదు తమ్ముడూ, కానీ ఇంజిన్ దించిన ప్రతిసారీ గ్లవ్ బాక్స్ విప్పి, కప్లర్ పట్టేంత పెద్ద రంధ్రంలోంచి కట్టని బయటికి లాగాలి. సీల్డ్ కప్లర్ కాబట్టి బయటే మేలు అంటున్నాను. సీలు లేని పాత కంపెనీ కప్లర్లే వాడేటట్టయితే నీ మాటే రైటు, లోపలే.

#8 ఆటోనగర్_అబ్బులు

బ్యాటరీ డిక్కీలోకి మార్చడం గురించండీ. 800 పొడవు 3.3 మీటర్లే గానీ, డోర్ కింద సైడు పట్టీ వెంబడి తిప్పి ఫైర్‌వాల్ దాకా తెచ్చేసరికి నాలుగు మీటర్ల కేబుల్ పడుతుంది. సెల్ఫ్ కొట్టేటప్పుడు 150 ఆంపియర్లు అనుకుని లెక్కేస్తే ఒక్క ప్లస్ కేబుల్లోనే పోయే వోల్టేజీ ఇదండీ:

16 స్క్వేర్ ఎంఎం: 0.66 వోల్టులు
25 స్క్వేర్ ఎంఎం: 0.42 వోల్టులు
35 స్క్వేర్ ఎంఎం: 0.3 వోల్టులు

ఇంత చిన్న ఇంజిన్‌కి 25 సరిపోద్దండీ. రేపు ఏసీ, పెద్ద ఆల్టర్నేటర్ ఆలోచనుంటే ఇప్పుడే 35 లాగెయ్యండి, మళ్ళీ కార్పెట్ లేపే పనుండదు. కొనేటప్పుడు చివర గీకి చూసుకోండి. రాగి పూత పూసిన అల్యూమినియం కేబుల్ రాగి కేబుల్ అని అంటగడుతున్నారు. గీకితే లోపల తెల్లగా కనపడిందంటే వదిలెయ్యండి. వెల్డింగ్ కేబుల్ వాడొచ్చండీ, మెత్తగా వంగుతుంది. హెచ్ఓఎఫ్ఆర్ అని ముద్రున్న రాగిదే తీసుకోండి, అది వేడికీ ఆయిల్‌కీ ఓర్చుకునే రబ్బరు.

ఫ్యూజు బ్యాటరీ ప్లస్ నుంచి 20 సెంటీమీటర్లలోపే ఉండాలి. మెగా ఫ్యూజో ఏఎన్ఎల్ ఫ్యూజో, 200 ఆంపియర్లది. ఫ్యూజుని బండి ముందు భాగంలో, ఇంజిన్ పక్కన పెట్టి ప్రయోజనం లేదండీ. నాలుగు మీటర్ల కేబుల్ మొత్తం సీట్ల కింద, కార్పెట్ కింద ఉంటుంది. యాక్సిడెంట్‌లో డోర్ కింద పట్టీ నలిగి కేబుల్ రేకుకి తగిలితే ఆ ఫ్యూజు దాకా కరెంటు రానే రాదు, తగిలిన చోటే మంట.

థింబుల్స్‌కి (కేబుల్ చివర బోల్టుకి తగిలించే లోహపు కొసలు) హైడ్రాలిక్ క్రింపింగ్ చేయించండి. ఆటోనగర్లోనూ రాణిగంజ్‌లోనూ కేబుల్ కొట్టు వాళ్ళే నిమిషంలో నొక్కిస్తారు. సుత్తితో కొట్టింది వద్దు.

డిక్కీ అంటే మనుషులు కూర్చునే చోటే అని మరవకండి, 800లో సీటుకీ డిక్కీకీ మధ్య గోడ లేదు. మామూలు నీళ్ళ బ్యాటరీ చార్జింగప్పుడు హైడ్రోజన్ వదులుద్ది, యాసిడ్ ఆవిరి కూడా. కాబట్టి సీల్డ్ ఏజీఎం (యాసిడ్ గాజుపీచులో ఇంకి ఉండే రకం) బ్యాటరీ, లేదంటే మూతున్న పెట్టెలో పెట్టి గొట్టంతో గాలి కిందికి, బండి బయటికి పోయేట్టు చెయ్యాలి. బిగింపు రబ్బరు బెల్టుతో కాదండీ, ఇనప పట్టీ, ఎం8 బోల్టులు రెండు. బ్యాటరీ పది కిలోల వస్తువు, బోల్తా పడ్డప్పుడు అది వెనక సీటు వాళ్ళ తల వెనకే ఉంటుంది.

#9 ఎర్ర800

ఇదంతా నోట్ చేసుకున్నా, అందరికీ దండాలు. లైట్ల సంగతి: పాత స్విచ్ వేడెక్కుతోంది, రిలేలు (చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని కలిపే స్విచ్‌లు) పెడదామని ఉంది. హెడ్‌లైట్ కప్లర్ దగ్గర మీటరు పెడితే ఒక పిన్నులో లైట్లు వేసినప్పుడు డిమ్ అయినా బ్రైట్ అయినా 12 వోల్టులు చూపిస్తోంది. మిగతా రెండింట్లో ఒకటి మారుతోంది. వైరింగ్ తప్పా?

#10 రాగితీగ

తప్పు కాదండీ. జపాన్ మూలం ఉన్న చాలా బళ్ళలో హెడ్‌లైట్‌కి ప్లస్ ఉమ్మడిగా ఇచ్చి, స్విచ్ ఎర్త్ వైపు కలుపుతుంది. మీటర్లో మీకు కనిపించింది అదే. ఇది చూసుకోకుండా మామూలు రిలే కిట్ తగిలిస్తే లైట్లు వెలగవు, లేదా డిమ్మూ బ్రైటూ కలిసి వెలుగుతాయి.

రిలే కాళ్ళ మీద ఉండే నంబర్ల ప్రకారం దాని కాయిల్ ఇలా కలపండి: 86కి ఆ ఉమ్మడి ప్లస్, 85కి స్విచ్ నుంచి వచ్చే డిమ్ వైరు. రెండో రిలేకి 85లో బ్రైట్ వైరు. రెండు రిలేల 30కి బ్యాటరీ వైపు నుంచి 2.5 స్క్వేర్ ఎంఎం వైరు, ఒక్కోదానికి విడిగా 15 ఆంపియర్ల ఫ్యూజు. 87 నుంచి లైట్లకి 1.5 స్క్వేర్. లైట్ల ఉమ్మడి పిన్ను ఇప్పుడు ఎర్త్ అవుతుంది, దాన్ని బాడీకి కొత్తగా బిగించాలి. 55, 60 వాట్ల బల్బులకి జతకి పది ఆంపియర్లే పోతాయి కాబట్టి ఈ సైజులు ధారాళం. ఇప్పుడు స్విచ్‌కి మిగిలేది రిలే కాయిల్ కరెంటు, 0.2 ఆంపియర్ల లోపే. రిలే కాళ్ళు కిందికి చూడాలి, పైకి చూస్తే సాకెట్‌లో నీళ్ళు నిలుస్తాయి.

కాయిల్‌కి అడ్డంగా డయోడ్ ఉన్న రిలే తెచ్చుకుంటే 85, 86 తారుమారు కాకూడదు. కాయిల్‌కి ప్లస్, మైనస్ తలకిందులైతే డయోడ్ కాలిపోతుంది.

మడ్‌గార్డ్‌లో తిప్పేటప్పుడు: స్టీరింగ్ రెండు వైపులా పూర్తిగా తిప్పి, చక్రం పైకి ఎత్తి, టైరు ఎక్కడిదాకా వస్తుందో చాక్‌పీసుతో గీయండి. ఆ గీతకి 4, 5 సెంటీమీటర్లు దూరంగా, మడ్‌గార్డ్ పై మూలలో కట్టని పట్టండి. రబ్బరున్న పి-క్లిప్పులు, 20 సెంటీమీటర్లకి ఒకటి, బోల్టుతో. గమ్ముతో అతికే క్లిప్పులు బురదనీళ్ళకి నెలరోజుల్లో రాలిపోతాయి. ప్లాస్టిక్ లైనర్ లేకపోతే 2 ఎంఎం హెచ్‌డీపీఈ షీటు కోసి కట్ట ముందు తెరగా బిగించండి.

#11 పుత్లీబౌలి_పానా

ఎర్త్ గురించి ఎవ్వరు మాట్లాడుతలేరేంది? కొత్త పెయింట్ బండ్లల్ల అసలు బీమారే గది. పెయింట్ కరెంటుకు అడ్డం. పాత జాగల్నే బోల్ట్ బిగిస్తరు, థింబుల్ కింద రంగు, బోల్ట్ చూడీలల్ల (మరలల్ల) గుడ రంగు. బయటికెల్లి చూస్తె ఫస్ట్‌క్లాస్ ఎర్త్, అసలుకు తాకనే తాకదు.

ఎర్త్ జాగల రూపాయి బిళ్ళంత పెయింట్ గీకి ఇనుము మెరిసేదాంక చెయ్యాలె. అంచుకు పండ్లున్న (స్టార్) వాషర్ ఎయ్యాలె. బిగించినంక పైకెల్లి పెట్రోలియం జెల్లీ పూయాలె, బిగించకముందు గాదు. మూడు జాగలు పక్కా: బ్యాటరీ మైనస్‌కెల్లి డిక్కీ రేకుకు, ఇంజిన్ కెల్లి బాడీకి, మల్ల లైట్ల ఎర్త్. మొదటి రెండు ప్లస్ కేబుల్ అంత లావే ఉండాలె, 25కు 25.

ఇంజిన్ ఎర్త్ మర్శిపోతే ఏమైతదంటే, సెల్ఫ్ కొట్టినప్పుడు గా కరెంటు ఎట్లనన్న బాడీకి పోవాలె గద, యాక్సిలరేటర్ కేబుల్, క్లచ్ కేబుల్ లోపలి తీగ పట్టుకొని పోతది. కేబుల్ ఎర్రగ కాలుతది, పై తొడుగు కరుగుతది. క్లచ్ కేబుల్ ఊకె ఊకె తెగుతుందంటే ముందుగాల ఎర్త్ చూడుండ్రి.

ఆయిల్ ప్రెషర్ స్విచ్, టెంపరేచర్ సెండర్ గుడ ఇంజిన్ బాడీకెల్లే ఎర్త్ తీసుకుంటయి. లీక్ గావద్దని టెఫ్లాన్ టేపు ఏడెనిమిది సుట్లు సుడ్తే చూడీ తాకక కాంటా లేవదు.

#12 కొత్తగా_వచ్చా

అన్నలూ, నాది ఇంజెక్షన్ ఉన్న మారుతి ఎస్టీమ్. ఇవన్నీ దానికీ పనికొస్తాయా?

#13 డాలస్_గ్యారేజీ

పనికొస్తాయి, కానీ మూడు చోట్ల జాగ్రత్త.

క్రాంక్, క్యామ్ సెన్సర్లకి షీల్డు ఉన్న వైరుంటే ఆ షీల్డుతో సహా పొడిగించాలి, షీల్డు ఈసీయూ (ఇంజిన్ కంప్యూటర్) వైపు ఒక్క చివరే ఎర్త్ అవ్వాలి. రెండు చివర్లూ కలిపితే షీల్డులోనే కరెంటు తిరిగి సిగ్నల్ పాడవుతుంది. ప్లగ్ వైర్లకి ఈ కట్ట కనీసం 5 సెంటీమీటర్లు ఎడం, తప్పక దాటాల్సి వస్తే అడ్డంగా దాటాలి, పక్కపక్కన పోకూడదు.

సెన్సర్ ఎర్త్ వైర్లని దగ్గర్లో ఉందని బాడీకి బిగించేయకండి, అవి ఈసీయూకే తిరిగి వెళ్ళాలి. బాడీ మీద ఫ్యాన్ తిరిగినప్పుడల్లా వోల్టేజీ కొంచెం కదులుతుంది, సెన్సర్ రీడింగ్ దాంతోపాటే ఊగుతుంది.

ఆక్సిజన్ సెన్సర్ తోకని కోయకండి, సోల్డర్ అసలే చేయకండి. చాలా సెన్సర్లు వైరు పోగుల మధ్య నుంచే బయటి గాలిని పోలిక కోసం పీల్చుకుంటాయి. పొడుగు కావాలంటే కప్లర్ అవతల, హార్నెస్ వైపు పెంచండి.

#14 గోదారి_గట్టు

దాచిన వైరింగ్‌కి మన ఊళ్ళల్లో అసలు శత్రువు ఎలుకండి. నీడా, వెచ్చదనం, ఎవరూ చూడని చోటు, దానికింకేం కావాలి? మడ్‌గార్డ్ నుంచి క్యాబిన్‌లోకి పోయే ప్రతి రంధ్రం దగ్గరా గ్రోమెట్ చుట్టూ సన్న కన్ను స్టీలు జాలీ బిగించండి. వేలు దూరే సందుంటే చిట్టెలుక దూరినట్టే. మిరప ఘాటు పట్టించిన టేపు హోండా వాళ్ళు అమ్ముతారు, కట్ట బయట పొరగా చుట్టుకోవచ్చు. ముడతల ప్లాస్టిక్ గొట్టం మాత్రం ఎలుకని ఆపదండి, కొరుక్కోవడానికి ఇంకా అనువు.

చుట్టడానికి మామూలు నల్ల పీవీసీ టేపు వద్దు. బానెట్ కింద ఎండాకాలం దాని గమ్ము కరిగి జారిపోతుంది, తర్వాత ఎవరు ముట్టుకున్నా చేతులు నల్లటి జిగురే. పాలియెస్టర్ గుడ్డ టేపు, 150 డిగ్రీలది, టెసా 51036 లాంటిది దొరుకుతుంది. సగం మీద సగం పడేలా చుట్టాలి. ముందు 6, 7 సెంటీమీటర్లకో చిన్న ముక్క టేపుతో కట్టని పట్టించుకుని, అన్నీ తగిలించి చూశాకే పూర్తి చుట్టు. మొదటే చుట్టేస్తే, ఒక్క వైరు మర్చిపోయినా మొత్తం విప్పాలి.

సైలెన్సర్ మ్యానిఫోల్డ్‌కి దగ్గరగా పోయే చోట గాజుపీచు మీద అల్యూమినియం ఉన్న స్లీవ్ వేసి, అది కూడా తాకకుండా ఎడం ఉంచండి.

#15 రాగితీగ

మొదటిసారి కరెంటు ఇచ్చేటప్పుడు నేరుగా బ్యాటరీ తగిలించకండి. ఫ్యూజులన్నీ తీసి, బ్యాటరీ మైనస్‌కీ ఎర్త్ కేబుల్‌కీ మధ్య ఒక 21 వాట్ల ఇండికేటర్ బల్బు కలపండి. ఎక్కడైనా షార్ట్ ఉంటే బల్బు నిండుగా వెలుగుతుంది, అంతే, ఏదీ కాలదు. వెలగకపోతే ఫ్యూజులు ఒక్కోటే పెడుతూ పోండి. ఏ ఫ్యూజుకి వెలిగితే ఆ లైన్లో వెతకండి. డోర్ లైటు, గడియారం లాంటివి ఉంటే బల్బు లేత ఎరుపుగా వెలగొచ్చు, అది తప్పు కాదు.

తర్వాత బల్బు తీసి మీటరు పెట్టి, అన్నీ ఆపి ఉన్నప్పుడు 50 మిల్లీ ఆంపియర్ల లోపు ఉందో లేదో చూడండి. ఇంజిన్ ఎక్కాక ఒకరు సెల్ఫ్ కొడుతుంటే, మీటరు ఒక కాలు బ్యాటరీ మైనస్ మీద, ఇంకో కాలు ఇంజిన్ బ్లాకు మీద: 0.2 వోల్టుల లోపు ఉండాలి. ప్లస్ వైపు బ్యాటరీ నుంచి సెల్ఫ్ బోల్టు దాకా 0.5 లోపు. ఇంజిన్ తిరుగుతుండగా డిక్కీలో బ్యాటరీ మీద 13.8 నుంచి 14.4 రావాలి. ఆల్టర్నేటర్ దగ్గర 14.2 ఉండి డిక్కీలో 13.4 ఉంటే మధ్యలో ఏదో థింబుల్ సరిగా పట్టలేదు. చేత్తో ఒక్కోటి తాకి చూడండి, వెచ్చగా ఉన్నదే దొంగ.

#16 ఎర్ర800

ఒకటి మిగిలింది. కాయిల్ కూడా ఫైర్‌వాల్ లోపలికి, డాష్‌బోర్డ్ కిందికి తీసుకెళ్తే బాగుంటుందా?

#17 రాగితీగ

వద్దండీ. కాయిల్ వేడెక్కే వస్తువు, గాలి తగలాలి. ప్లస్ లైన్లో బల్లాస్ట్ రెసిస్టర్ (కాయిల్‌కి పోయే కరెంటు తగ్గించేది) ఉన్న బండైతే అది ఇంకా వేడి, కార్పెట్ పక్కన అసలు పనికిరాదు. పైగా వేల వోల్టుల ప్లగ్ వైరు క్యాబిన్ గుండా రావాలి, స్టీరియోలో టకటకలు ఉచితం. కాయిల్‌ని ఉన్న వైపే నాలుగంగుళాలు కిందికి దింపి, బ్రాకెట్‌కి బాడీ రంగు వేయించండి. పైనుంచి చూసేవాళ్ళకి కనపడదు, ప్లగ్ వైరు పొడవూ మారదు.

#18 ఆటోనగర్_అబ్బులు

దింపేటప్పుడు డిస్ట్రిబ్యూటర్ మూత తీయడానికి చెయ్యి పడుతుందో లేదో ముందు ఖాళీ ఇంజిన్ పెట్టి చూసుకోండండీ.